చివరి సీటు దాకా నడిచే మనిషి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆవిడ అంటుంది, మా డ్రైవర్లు అంటారు, బస్సు ఆలస్యమైందని ఫోన్ చేసి నాతో తిట్లు తిన్న తల్లిదండ్రులు కూడా అంటారు. కాదనను. అయితే నా కోపాలు సాయంత్రం చాయ్ దాకా కూడా నిలవవు. ఇదొక్కటే పోవడం లేదు. ఎనిమిదేళ్ల ఆడపిల్ల మీద మా బడి ఒక నింద వేసింది. ఆ నిందకు మొదటి మాట నా నోట్లోంచే వచ్చింది. అది ఎట్లా జరిగిందో, దాన్ని ఆ పిల్ల మీది నుంచి తీయడానికి నాకు ఎన్ని నెలలు పట్టిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడికి ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జిని నేను. పదహారు పసుపు బస్సులు, పదహారు మంది డ్రైవర్లు, చుట్టుపక్కల ఊళ్ల రోడ్ల మీది గుంతలన్నీ నా పద్దులోవే. ఈ కుర్చీలోకి రాక ముందు అదే బడిలో తొమ్మిదేళ్లు మోతె రూటు బస్సు నడిపాను. మోకాలు అరిగి క్లచ్ తొక్కడం కష్టమయ్యాక, ఇంటర్ చదివినవాడివి, కాగితాలు చూసుకుంటావులే అని మా కరస్పాండెంట్ సారు ఈ కుర్చీలో కూచోబెట్టాడు. కరస్పాండెంట్ అంటే బడి యజమానే. వడ్ల వ్యాపారంలో సంపాదించి చదువుల వ్యాపారంలోకి వచ్చిన మనిషి. చెడ్డవాడని అనను. కానీ బడిని కూడా మిల్లులాగే నడుపుతాడు.

నేను నడిపిన తొమ్మిదేళ్లూ నా బస్సులో ఒకే ఆయమ్మ. మోతె పక్కన తండా ఆమెది. నాకన్నా పదేళ్లు పెద్ద. తండా పిల్లలతో వాళ్ల భాషలో, ఊరి పిల్లలతో తెలుగులో, నాతో తిట్లలో మాట్లాడేది. గేటు ముందు పిల్లలందరూ దిగాక బస్సు ముందు నుంచి చివరి సీటు దాకా నడిచేది. ప్రతి సీటు దగ్గరా వంగి కింద చెయ్యి పెట్టి తడిమేది. పోయేటప్పుడు ఎడమ వరుస, వచ్చేటప్పుడు కుడి వరుస. అంతా అయ్యాక కిందికి దిగి బస్సు రేకు మీద అరచేత్తో రెండుసార్లు చరిచేది. ఆ చప్పుడు వినిపిస్తేనే నేను గేరు వేయాలి. మా మధ్య ఒప్పందం అది.

ఒకరోజు తొందరలో ఉండి అరిచాను.

"లెక్కపెట్టుకుంటే అయిపాయె గదనే అవ్వా! ఎక్కినోళ్లు ఎంతమంది, దిగినోళ్లు ఎంతమంది అని. గీ వంగుడు, లేసుడు ఎందుకు?"

"లెక్క నాకు రాదు తమ్మీ. నాకు నడుసుడు వస్తది" అంది. అని మళ్లీ మొదటి సీటు నుంచి మొదలుపెట్టింది, నన్ను ఉడికించడానికే.

ఆ తడుముడులో నీళ్ల సీసాలు, ఒంటి బూట్లు, సగం కొరికిన దోసెలు దొరికేవి. నాలుగుసార్లు మాత్రం పిల్లలే దొరికారు. మోతె నుంచి వచ్చేటప్పుడు పొద్దుటి ఎండ కుడివైపు కిటికీల్లోంచి సూటిగా కొడుతుంది. చిన్నపిల్లలు ఆ ఎండకు తట్టుకోలేక సీటు మీది నుంచి కిందికి జారి, బ్యాగు తల కింద పెట్టుకుని నిద్రపోతారు. పైనుంచి చూస్తే కనిపించరు. వంగితేనే కనిపిస్తారు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అయినా తరువాత నేను చేసిన పని చేశాను.

ఇన్‌చార్జినయ్యాక ఒక చలికాలం మిర్యాలగూడలో మీటింగు పెట్టారు. స్కూలు బస్సులు నడిపే యాజమాన్యాలన్నీ ఒకచోట చేరి, కొత్త సామాను చూసి, భోంచేసి పోయే మీటింగు. బైపాసు పక్కన పెద్ద ఫంక్షన్ హాలు. బయట కారు దిగితే బాయిల్డ్ రైసు మిల్లుల వాసన, లోపల అడుగుపెడితే సెంటు వాసన. వరుసగా బల్లలు. టైర్లు, బ్యాటరీలు, సీటు కవర్లు, కెమెరాలు, మంటలార్పే ఎర్రటి సిలిండర్లు. ఎండాకాలం ఫిట్‌నెస్ చెకింగ్ వచ్చినప్పుడు ఒకే సిలిండరు పొద్దున ఒక బడి బస్సులో, మధ్యాహ్నం ఇంకో బడి బస్సులో కనిపించే సంగతి ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అయినా అందరూ ఆ బల్ల దగ్గర నిలబడి, జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు సిలిండరును తిప్పి తిప్పి చూశారు. ఒక్క డ్రైవరును కూడా పిలవలేదు. ఆయమ్మల మాట అసలే లేదు. పెళ్లికొడుకు లేని పెళ్లి భోజనాల్లాగా ఉంది అంతా.

హైదరాబాద్ నుంచి టై కట్టుకుని ఒక కంపెనీ ఆయన వచ్చాడు. చేతిలో చిన్న రిమోటు, వెనక పెద్ద తెర. ప్రతి పిల్లాడి మెడలో ఒక కార్డు. ఎక్కేటప్పుడు తలుపు దగ్గరున్న పెట్టెకు తాకించాలి, దిగేటప్పుడు మళ్లీ తాకించాలి. టింగుమంటుంది. అమ్మానాన్నల ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఆఫీసులో తెర మీద ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు పచ్చరంగులో కనిపిస్తుంది.

వెనక నుంచి ఎవరో అడిగారు, "మరి ఆయమ్మలు?"

"అవసరమే లేదు సర్. మనిషి మర్చిపోతడు. మెషిన్ మర్చిపోదు" అన్నాడు.

చప్పట్లు. మా సారు నా తొడ మీద చరిచి, "ఇన్నవా?" అన్నాడు. విన్నాను. నేనూ చప్పట్లు కొట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది. డ్రైవర్ నుంచి ఇన్‌చార్జిగా ఎదిగిన మనిషి అని నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. ఒళ్లు తేలిపోయింది. "ఇన్నొద్దులు సీట్ల కింద సేతులు వెట్టి ఎతుక్కున్నం. ఇగ ఆ పరేషాన్ ఖతం" అన్నాను. జనం నవ్వారు. ఆమె తొమ్మిదేళ్లు చేసిన పనిని నేను నవ్వులాట చేశాను, అదీ శాలువా కప్పుకుని.

నెల తిరిగేసరికి పెట్టెలు వచ్చాయి. పదహారు బస్సుల ఆయమ్మలనూ తీసేయమన్నాడు సారు. ఇద్దరిని ఊడ్చే పనిలో పెట్టుకున్నారు, మిగిలినవాళ్లు ఇంటికి. మోతె బస్సు ఆయమ్మకు ఫోన్లో చెప్పాను. తండా ఎంత దూరం? బండి తీస్తే అరగంట. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక ఫోన్లో చెప్పాను.

"సరె తమ్మీ. మరి సీట్ల కింద ఎవరు సూస్తరు?" అంది.

"మెషిన్ సూస్తది" అన్నాను.

ఫోన్ పెట్టేసింది.

ఇంకో సిగ్గుమాలిన పని కూడా చెప్పాలి. బస్సులో పిల్లల వెంట ఒక మనిషి ఉండి తీరాలని రూలు ఉంది. ఆఫీసర్లకు చూపించే కాగితంలో మోతె బస్సు ఎదురుగా ఆమె పేరు అట్లాగే ఉంచాం. ఆమె తండాలో మిరప ఏరుతోంది, కాగితంలో బస్సు ఎక్కి దిగుతోంది. కింద సంతకం నాది.

కార్డులు వచ్చిన కొత్తలో పిల్లలు వాటిని నమిలారు, పోగొట్టారు, ఒకడు కుక్క మెడలో వేశాడు. సారుకు చిరాకు పుట్టింది. కార్డు పోతే ఫైన్ కట్టాలని నోటీసు రాయమన్నాడు. రాశాను. ప్రతి పిల్లాడి డైరీలో అంటించాం. ఇక తల్లులు ఏం చేస్తారు? చిన్నవాడి కార్డు కూడా తీసి పెద్దదాని మెడలో వేశారు. అక్కలు, అన్నలు రెండేసి కార్డులు వేసుకుని ఎక్కి, రెండూ తాకించి దిగేవాళ్లు. టింగ్ టింగ్. గేటు దగ్గర నిలబడి రోజూ చూసేవాణ్ని. తెలివైన పిల్లలు అనుకున్నాను. కార్డు దిగితే పిల్లాడు దిగినట్టు కాదన్న చిన్న విషయం నా బుర్రకు తట్టలేదు.

ఒంటిపూట బడులు మొదలైన మార్చి అది. పొద్దున్నే ఎండ కాలుస్తోంది. మోతె రూటులో ఒక ఊరి నుంచి అక్కా తమ్ముడు వచ్చేవాళ్లు. అక్క మూడో తరగతి, తమ్ముడు ఎల్‌కేజీ. రెండు కార్డులూ అక్క మెడలోనే. ఆ రోజు ఆ పిల్లను ఎవరో ముందు సీట్లోకి పిలిస్తే పోయి కూచుంది, తమ్ముడు వెనక కూచున్నాడు. గేటు దగ్గర తోపులాటలో దిగింది. రెండు కార్డులూ తాకించింది. తమ్ముడు తన వెనకే దిగి వాళ్ల క్లాసుకు పోయాడనుకుంది. డ్రైవరు తలుపు మూసి బస్సును బడి వెనక ఖాళీ జాగాలో పెట్టాడు. సూర్యాపేటలో కోతుల సంగతి చెప్పనక్కర్లేదు, ఒక్క కిటికీ తెరిచి ఉన్నా లోపలికి దూరి సీట్లు చీరేస్తాయి. అందుకని అద్దాలన్నీ బిగించి చాయ్‌కి పోయాడు. అద్దాలు మూయమని చెప్పింది కూడా నేనే.

ఇప్పుడు అసలు మాట. పొద్దున క్లాసు టీచరు హాజరు తీస్తే వాడు లేడు. ఆబ్సెంట్ అని రాసింది. ఆఫీసు క్లర్కు ఆ రిజిస్టరు పక్కన బస్సు మెషిన్ లిస్టు పెట్టుకుని చూసి నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, ఎల్‌కేజీల ఒక పిలగాడు రాలేదని టీచర్ రాసింది. మెషిన్ల అయితే దిగిండు అని ఉన్నది. ఏది కరెక్ట్?"

నేను అప్పుడు టైరు పంచరైన ఇంకో డ్రైవరును తిడుతున్నాను. ఆలోచించలేదు.

"మెషినే కరెక్ట్" అన్నాను.

అతను టీచర్ రాసింది కొట్టేసి ప్రెజెంట్ అని దిద్దాడు. వాడి తల్లి ఫోన్‌కు అప్పటికే మెసేజ్ పోయింది, మీ బాబు క్షేమంగా బడికి చేరాడని. లేచి యాభై అడుగులు వేస్తే క్లాసు. అక్కడి నుంచి ఇంకో యాభై అడుగులు వేస్తే బస్సు. ఆ నూరు అడుగులు నేను వేయలేదు.

ఇంటర్వెల్ గంట కొట్టారు. కాసేపటికి బడి వెనక నుంచి దబదబమని చప్పుడు. కిటికీలోంచి చూస్తే మూడో తరగతి పిల్ల ఒకతి బస్సు తలుపును రెండు చేతులతో బాదుతోంది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"ఏయ్! ఎవరది? బస్సు కరాబైతది, నడువ్ అవుతలికి!"

అది కదలలేదు. నా వైపు తిరిగి, "మా తమ్ముడు లోపలున్నడు సార్" అని అరిచి మళ్లీ బాదింది. బిస్కెట్ ఇద్దామని తమ్ముడి క్లాసుకు పోయిందట. వాడు లేకపోయేసరికి ఎవరినీ అడగకుండా సూటిగా బస్సు దగ్గరికి పరిగెత్తింది. అంత పెద్ద బడిలో, అన్ని కెమెరాల మధ్య, వాడు ఎక్కడున్నాడో కనిపెట్టింది అదొక్కతే.

మోకాలు లేదు, ఏం లేదు, ఉరికాను. తలుపు తీస్తే లోపలి నుంచి పొయ్యి సెగలా వేడి ముఖానికి కొట్టింది. వెనక నుంచి మూడో సీటు కింద పడి ఉన్నాడు. ఒళ్లంతా తడి, పెదాలు ఎండిపోయి, కళ్లు సగం తెరిచి. అక్కడే కక్కుకున్నాడు. ఎత్తుకుంటే తల నా భుజం మీద నిలవలేదు. బైకు మీద నన్ను, వాణ్ని కూచోబెట్టుకుని పీఈటీ సారు దవాఖానకు తీసుకుపోయాడు. సెలైన్ పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు. సాయంత్రానికి అక్కతో గొడవపెట్టుకుని బిస్కెట్ ప్యాకెట్ లాక్కున్నాడు. బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. ఆ మాట ఇక్కడ రాయలేను.

మరునాడు ఆఫీసులో పంచాయితీ. తప్పెవరిది? సారు కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్లు, మా మెషిన్ సరిగ్గానే పనిచేసింది, కార్డు తాకించినట్టు రికార్డు ఉంది, వాడినవాళ్లే తప్పు చేశారు అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, మా దగ్గర ఆ మద్దెల కూడా దొరికింది, ఎనిమిదేళ్లది. పిల్లను పిలిపించారు. సారు బల్లకు అటువైపు, అది ఇటువైపు. దాని తల బల్ల అంచుకు కొద్దిగా పైన.

"రెండు కార్డులు నువ్వెందుకు గొట్టినవ్?"

అది నన్ను చూసింది. "కార్డు పోతే ఫైన్ అని ఈ సారే రాసిండు. అందుకని మా అమ్మ నా మెడలనే ఏసింది."

నేను నేల చూశాను. నోటీసు రాసింది నేను, ఆబ్సెంట్ కొట్టేయించింది నేను, ఆయమ్మను తీసేసింది నేను. ఆ గదిలో నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకంటే మాట్లాడితే నా కుర్చీ పోతుంది. నా పిల్లల్లో ఒకడిది ఇంజనీరింగు, ఒకతిది డిగ్రీ. ఈ సాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఎన్నిసార్లు చెప్పుకున్నా సాకు సాకే.

ఒక కాగితం తయారుచేశారు. పెద్ద పాప పొరపాటున తమ్ముడి కార్డు తాకించడం వల్ల ఇది జరిగిందని, బడి తప్పేమీ లేదని. టైపు చేసింది క్లర్కు, చదివి వినిపించింది నేను. తల్లి సంతకం పెట్టింది. ఆ తల్లి మొగుడు నేరేడుచర్ల మిల్లులో హమాలీ. కొడుకు బతికాడు కదా, ఇంక గొడవెందుకు, ఈ బడిలోనే చదవాలి కదా అనుకుంది. సంతకం పెడుతుంటే పిల్ల పక్కనే నిలబడి కాగితం వంక చూస్తోంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. డ్రైవరును పనిలోంచి తీసేశారు. నేను మాత్రం ఉన్నాను.

ఎండాకాలం సెలవుల్లో మళ్లీ మీటింగు, ఈసారి కోదాడలో. మళ్లీ ఫంక్షన్ హాలు, మళ్లీ బల్లలు, మళ్లీ అదే టై. తెర మీద కొత్త సామాను. బస్సు చివరి సీటు వెనక ఎర్ర బటన్ ఒకటి. డ్రైవరు ఇంజన్ ఆపగానే హారన్ మోగడం మొదలవుతుంది. లేచి చివరిదాకా నడిచి, సీట్లు చూసుకుంటూ పోయి, ఆ బటన్ నొక్కితేనే ఆగుతుంది.

"ఈ మధ్య ఒక స్కూల్ల చిన్న ఇన్సిడెంట్ అయింది. మన ప్రోడక్ట్ ప్రాబ్లం కాదు. ఒక పెద్ద పాప చేసిన మిస్టేక్. గట్లాంటివి కూడా కాకుండ ఇది తెచ్చినం" అన్నాడు టై ఆయన.

పక్కన మా సారు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు. చుట్టూ చప్పట్లు. లేచి నిలబడ్డాను. మైకు ఎవరూ ఇవ్వలేదు, అవసరమూ పడలేదు.

"ఏం బాబూ, చిన్న ఇన్సిడెంటా? గా పిలగాన్ని నీ సేతులల్ల ఎత్తుకున్నవా? నేను ఎత్తుకున్న. నువ్వు అమ్మేది ఏంది? ఒక మనిషి ఎనక సీటు దాంక నడవాలె, గంతే గదా? గా మనిషి మాకు ఉండె. నీ మాట ఇని ఇంటికి తోలినం. తొమ్మిదేండ్లు నడిసింది, ఏ హారన్ మోగకుండనే నడిసింది. ఇప్పుడు గా నడకనే డబ్బాల పెట్టి మళ్ల మాకే అమ్ముతున్నవా? పెద్ద పాప మిస్టేక్ అంటవా? గా పాప లేకపోతే పిలగాడు సచ్చిపోతుండె!"

ఎవరైనా ఏదైనా అంటారని ఎదురుచూశాను. ముందు వరుసలోంచి కోదాడ పెద్దమనిషి ఒకాయన, బడులు నాలుగున్నాయట, మెల్లగా వెనక్కి తిరిగి, "కూర్చోండి మాస్టారూ. బీపీ పెంచుకోకండి. భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నాడు. అందరూ లేచారు. నా పక్క నుంచే ప్లేట్ల దగ్గరికి నడిచారు. ఒకడు బగారా అన్నం బాగుందని నాకే చెప్పాడు. నేను ఆ రోజు అక్కడ తినలేదు. మా సారు తిన్నాడు. తిని పదహారు బటన్లకు ఆర్డర్ కూడా ఇచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కొందరికి వ్యాపారమే.

తిరిగి ఇద్దరం ఒకే కారులో వస్తున్నాం. చివ్వెంల దాటాక సారు అన్నాడు.

"నలుగురిల ఇజ్జత్ తీసినవ్ గదయ్యా."

"సార్, బడులు తెరిసే ముందు ఆయమ్మల లిస్టు మీద నా సంతకం కావాలె గదా. ఈసారి బస్సుల మనిషి లేకపోతే పెట్ట. అడిగితే ఆఫీసర్లకు ఎందుకు పెట్టలేదో సుత చెప్త."

"బెదిరిస్తున్నవా?"

"అవ్ సార్."

సూర్యాపేటలో కారు దిగేటప్పుడు, "చిన్నపిల్లలున్న బస్సులల్ల పెట్టు. అన్నిట్ల గాదు" అన్నాడు. అది దయ కాదు. అడ్మిషన్ల కాలం, ఊళ్లలో మాట పాకుతోందని భయం. భయమో, దయో, నాకు ఒక మనిషి కావాలి.

మరునాడే బండి తీసి తండాకు పోయాను. ఆమె ఇంటి ముందు చెట్టు నీడలో మిరప తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. కూచోమని కూడా అనలేదు. నిలబడే అన్నీ చెప్పాను. కార్డుల సంగతి, పిలగాడి సంగతి, కాగితం సంగతి, కోదాడలో నేను ఎట్లా అరిచానో ఆ సంగతి. నిజం చెప్పాలంటే ఆ చివరిదే కొంచెం ఎక్కువసేపు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

అంతా విని, తొడిమలు తీయడం ఆపకుండానే అడిగింది.

"పిల్ల ఎట్లున్నది?"

"పిలగాడు మంచిగున్నడు అవ్వా. ఉరుకుతున్నడు."

"పిలగాని సంగతి అడగలే. వాడు మర్సిపోతడు. అక్క ఎట్లున్నది? నీ తప్పు లేదు బిడ్డా అని దానికి ఎవరన్న చెప్పిండ్రా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"గంతమందిల ఒర్రినవ్. దానికాడికి పోయి ఒక్క మాట చెప్పనీకి నీకు కాళ్లు రాలేదా?"

కోదాడలో లేచిన కోపమంతా ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. పిల్ల కోసం అనుకున్నాను. సగం నా కోసమే. అరిస్తే బరువు దిగుతుందని అరిచాను. నా బరువు దిగిందేమో గానీ దానిది దిగలేదు.

"బడి తెరిసిన్నాడు వస్త. నువ్వు ముందు ఆడికి పో" అంది.

అక్కడి నుంచే పిల్ల వాళ్ల ఊరికి పోయాను. రెండు గదుల రేకుల ఇల్లు. తల్లి కూలికి పోయింది. పిల్ల గడప మీద కూచుని నోటుబుక్కులో ఏవో గీతలు గీస్తోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. బడి సారు ఇంటికి వస్తే పిల్లలు భయపడతారు, కానీ ఇది భయం కాదు. నిలబడి నేరుగా నా ముఖం చూసింది.

గడప మీద దాని పక్కన కూచున్నాను. మోకాలు మడవడానికి చాలాసేపు పట్టింది. చెప్పాను. "తప్పు నీది గాదు బిడ్డా. ఫైన్ అని రాసింది నేను. పిలగాడు లేడంటే మెషినే కరెక్ట్ అన్నది నేను. నువ్వు బస్సు కాడికి ఉరికినవు గనుకనే నీ తమ్ముడు బతికిండు."

నోటుబుక్కు మూసింది.

"మరి కాగితం మీద నేనే అని ఎందుకు రాసిండ్రు? మా అమ్మతోని సంతకం ఎందుకు పెట్టిచ్చుకున్నరు?"

తల నిమరబోతే పక్కకు జరిగింది. మాటతో అయ్యే పని కాదని తెలిసిపోయింది. మా మాటలు ఎట్లాంటివో దానికి ముందే తెలుసు.

బడికి వచ్చాను. సెలవులు కాబట్టి ఎవరూ లేరు. బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. ఆ కాగితం తీశాను. చింపేద్దామనుకున్నాను. చింపితే తప్పు పోదు, సాక్ష్యం పోతుంది. కింద ఖాళీ జాగాలో నా చేత్తో రాశాను. పైన రాసింది అబద్ధం. పాప తప్పు లేదు. కార్డు పోతే ఫైన్ అని నోటీసు రాసింది నేను. బస్సులో ఉండే ఆయమ్మను తీసేసి, ఉన్నట్టు సంతకం పెట్టింది నేను. బాబు క్లాసులో లేడని చెప్పినా పోయి చూడనిది నేను. పాపే వాణ్ని కాపాడింది. కింద సంతకం, పూర్తి పేరు, ఉద్యోగం. మూడు జిరాక్సులు తీశాను. ఒకటి సారు బల్ల మీద పెట్టాను, ఏం చేసుకుంటాడో చేసుకోనీ అని. ఒకటి తల్లికి. ఇంకొకటి పిల్లకు. ఆ రెండూ తీసుకుని ఆ సాయంత్రమే మళ్లీ ఆ ఊరు పోయాను.

పిల్ల ఇంటి ముందే ఉంది. కాగితం చేతికి ఇచ్చాను. మూడో తరగతి చదువు, నా రాత కోడిగీత. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండు మాటల దగ్గర ఆగి నన్ను అడిగింది, చెప్పాను. నాకు థాంక్స్ చెప్పలేదు, నవ్వలేదు. వీధిలో గోలీలాడుతున్న తమ్ముణ్ణి కేకేసి పిలిచి, పారిపోకుండా వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి వాడికి చదివి వినిపించడం మొదలుపెట్టింది.